నంబరు కలిసింది, ఇంజన్ కలవలేదు: పాత జాగ్వార్ కొన్న నా అనుభవం

కారు మొన్న సాయంత్రం ఇంటికి చేరింది. 1962 నాటి జాగ్వార్ మార్క్ 2, 3.8 లీటర్ల ఇంజన్‌ది. బేరం మొదలైన రోజు నుంచి తాళంచెవి చేతికొచ్చేదాకా నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు ఒకే ఒక్క నంబరు చుట్టూ తిరిగాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. అది ఆరిపోకముందే రాసేస్తున్నాను.

వెతుకులాటలో చెప్పుకోవాల్సింది ఒక్కటే ఉంది. మొదట చూసిన మార్క్ 2లో ఇంజన్ నంబరు 8ఎల్ అని మొదలైంది. అంటే జాగ్వార్ తర్వాత తెచ్చిన ఎక్స్‌జే6 అనే మోడల్ నుంచి తీసిన 4.2 లీటర్ల ఇంజన్. ఆ అమ్మకందారు గుమ్మంలోనే ఆ మాట చెప్పేశాడు. "ఒరిజినల్ ఇంజన్ లేని కారు నాకెందుకండీ" అని నేను కూర్చోకుండానే వచ్చేశాను. నిజం ముందే చెప్పిన మనిషికి ఓ పది నిమిషాలు కూడా ఇవ్వలేదు. ఆ పని ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

రెండోది ఈ కారు. ఇంజన్ గదిలో ఫ్యాక్టరీ బిగించిన ప్లేటు ఉంది. దాని మీద ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ నంబరు, గేర్‌బాక్స్ నంబరు చెక్కి ఉన్నాయి. ఇంజన్ నంబరు ఎల్‌బి అక్షరాలతో మొదలైంది. ఇంజన్ పైన మూతలా బిగించే సిలిండర్ హెడ్ ముందు భాగం తుడిచి చూస్తే అక్కడా అదే నంబరు. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్ అమ్మకందారు ఫైల్లో ఉంది. అందులోనూ అదే. మూడుచోట్ల మూడూ కలిశాయి. ఇంకేం కావాలి? అడిగినంతకు కాస్త తక్కువలో బేరం కుదుర్చుకుని, అడ్వాన్సు చేతిలో పెట్టి, దారి పొడుగునా అందరికీ ఫోన్లు చేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఇన్సూరెన్సు వాళ్ళు, ముందుగా ఒప్పుకున్న విలువ మీద పాలసీ కావాలంటే కారుకు విలువ కట్టే వాల్యూయర్ రిపోర్టు కావాలన్నారు. అక్కడి నుంచే కథ అడ్డం తిరిగింది.

ఆ రోజు కారు దగ్గర అమ్మకందారు, ఆయన స్నేహితులు ఇద్దరు, మా బావ, మా అబ్బాయి ఉన్నారు. వాల్యూయర్ పెయింటు చూశాడు, తలుపుల కింద తుప్పు చూశాడు, చివరికి బానెట్ ఎత్తి కుడి పక్కకు ఒంగాడు. గుడ్డ ముక్క తడిపి ఆయిల్ ఫిల్టర్‌కి పైన బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) మీద పేరుకున్న జిడ్డంతా తుడిచాడు. టార్చి వేసి నన్ను పిలిచాడు. "ఇక్కడ ఏముందో పైకి చదవండి" అన్నాడు.

చదివాను. 7బి అని మొదలైంది.

"ఎస్ టైప్ అని జాగ్వార్‌దే ఇంకో మోడల్, దాని బ్లాకు ఇది. ఎస్ టైప్ వచ్చిందే 1963లో. మీరు కొంటున్న కారు 1962ది. కారు పుట్టాక పుట్టిన ఇంజన్ ఇందులో ఉంది. అడ్వాన్సు ఇచ్చే ముందు బ్లాకు చూడలేదా మీరు?"

నాకు నోరు పెగల్లేదు. అమ్మకందారు స్నేహితుల్లో ఒకాయన "పుస్తకాలు చదివి కార్లు కొనేవాళ్ళతో ఇదే గొడవ" అన్నాడు. అమ్మకందారు మాత్రం తాపీగా, "నంబర్లు కలుస్తాయన్నాను, కలిశాయి కదా సార్. బ్లాకు మీద నంబరు సంగతి మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. మా అబ్బాయి వయసు పద్నాలుగు. వాడికి నెల రోజులుగా రోజూ రాత్రి ఈ కార్లలో ఉండే ఎక్స్‌కే ఇంజన్ చరిత్ర చెబుతున్నది నేనే: 1948లో ఎక్స్‌కే120 అనే కారుతో బయటికొచ్చిందని, ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ అని. వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ముందు పోయిన డబ్బు లెక్కలోకి రాదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఎక్స్‌కే ఇంజన్ నంబరు రెండుచోట్ల కొట్టి ఉంటుంది: హెడ్ మీద, బ్లాకు మీద. హెడ్ విప్పితే ఊడొచ్చే భాగం. బ్లాకే అసలు ఇంజన్. హెడ్ మీది నంబరు కంటికి తేలిగ్గా ఆనుతుంది కాబట్టి అందరం అక్కడే ఆగిపోతాం. ప్లేటు కారు ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో చెబుతుంది, సర్టిఫికెట్టూ అంతే. ఈరోజు బానెట్ కింద ఏముందో ఆ రెండూ చెప్పవు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

సరే, రిపోర్టు వచ్చింది. "ఇంజన్ ఒరిజినల్ కాదు" అని ఒకే ఒక్క వాక్యం రాసి విలువ దాదాపు సగానికి నరికాడు. ఎలా లెక్క కట్టారండీ అని వెళ్ళి అడిగాను. "మా పద్ధతి ప్రకారం" అన్నాడు. ఏమిటా పద్ధతి? చెప్పడు. మూడుసార్లు తిరిగాను. మూడోసారి గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడాడు. బ్లాకు తుడిచి చూసిన చెయ్యికి దణ్ణం పెడతాను. కానీ ఫీజు తీసుకుని, లెక్క చూపించని మనిషి రాసింది విలువ కాదు, అంకె. రెండో వాల్యూయర్ దగ్గరికి వెళితే ఆయన అసలు ఏమీ తగ్గించనక్కర్లేదన్నాడు. ఒకడు సగం పోయిందంటాడు, ఒకడు రూపాయి కూడా పోలేదంటాడు. నాకు నిద్ర పట్టలేదు.

చివరికి ఎవరినీ నమ్మకుండా నేనే కూర్చుని ఆలోచించాను. ఇందులో నాకు గర్వంగానే ఉంది. ఒరిజినల్ ఇంజన్ లేకపోతే ఎంత పోతుంది అన్న ప్రశ్నకు అన్ని కార్లకూ చెల్లే జవాబు లేదు. 1967 షెవర్లే కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కారులో ఎల్88 అనే ఇంజన్‌తో వచ్చినవి 20 మాత్రమే. అక్కడ ఆ ఇంజనే కారు. అది పోతే మిగిలేది మామూలు కార్వెట్ కాబట్టి విలువలో పెద్ద వాటా దాంతోనే పోతుంది. మార్క్ 2 సంగతి వేరు. 3.8 లీటర్లవే సుమారు 30 వేలు తయారయ్యాయి. జనం దీన్ని కొనేది ఆ ఆకారం కోసం, ఆ తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు కోసం, నడిపితే వచ్చే సుఖం కోసం. పైగా ఇందులో ఉన్న ఎస్ టైప్ బ్లాకు కూడా అదే కుటుంబం, అదే 3781 సీసీ. తర్వాతి తరం 4.2 ఇంజన్ పెట్టినదానికీ దీనికీ చాలా తేడా ఉంది. సొంత ఇంజన్, అదే జాతి ఇంజన్, వేరే జాతి ఇంజన్: ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేవాడి చేతికి రిపోర్టు రాసే పని ఇవ్వకండి.

ఆ తర్వాత ఇంజన్ ఆరోగ్యం చూశాను. వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 40 పౌండ్లు నిలబడాలి, నిలబడింది. ఆరు సిలిండర్ల కంప్రెషనూ దగ్గర దగ్గరగా వచ్చింది. ఇక ధరకు ప్రకటనల్లో అడిగే రేట్లు పక్కన పెట్టి, నిజంగా అమ్ముడైనవాటిని, అందులోనూ ఇంజన్ మారిన మార్క్ 2లనే ఏరి ఒక కాగితం మీద రాసుకున్నాను. మచ్చలేని కారు ధర నుంచి కిందికి తీసుకుంటూ పోతే ఎంత తీసెయ్యాలో ఎవరికీ అంతుపట్టదు. అదే లోపమున్న కార్లతో పోలిస్తే లెక్క తేలుతుంది. నా లెక్క ఇద్దరు వాల్యూయర్లకూ మధ్యలో, రెండోవాడికి దగ్గరగా వచ్చింది.

ఈలోగా ఒక మెకానిక్ కబురు పంపాడు. బ్లాకు మీద 7బి నంబరు గ్రైండ్ చేసి, ఎల్‌బి నంబరు కొట్టిస్తానని. "ఎవరికీ తెలీదు సార్, విలువ మొత్తం వెనక్కొస్తుంది" అన్నాడు. ఆ రోజు వచ్చినంత కోపం నాకు వాల్యూయర్ మీద కూడా రాలేదు. ఇంజన్ మారడం తప్పు కాదు. అరవై ఏళ్ళు రోడ్డు మీద తిరిగిన బండికి అది గాయం లాంటిది. నంబరు మార్చడం దొంగతనం. చాలా దేశాల్లో చట్టప్రకారం నేరం కూడా. ఫ్యాక్టరీ మెషిన్ వదిలిన సన్నని గీతలు ఆ ఉపరితలం మీద ఉండాలి. అక్కడ మరీ నున్నగా ఉందంటే, అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయంటే, బేరం కూడా ఆడకుండా బయటికి వచ్చేయండి.

మళ్ళీ అమ్మకందారు దగ్గరికి వెళ్ళాను. ఈసారి నా కాగితం పట్టుకుని వెళ్ళాను. ఫైలు మొత్తం ఇవ్వమని అడిగాను. ఆయన కాసేపు నసిగి తెచ్చిపెట్టాడు. అడుగున ఒక పాత వర్క్‌షాపు బిల్లు ఉంది. నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగిలిందట. వాడిన బ్లాకు ఒకటి తెచ్చి, పాత హెడ్‌నే దాని మీద బిగించారని అందులో శుభ్రంగా రాసి ఉంది. ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. ఆ బిల్లు మొదటి రోజే చూపించి ఉంటే నేనిచ్చే ధర పెద్దగా మారేది కాదు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తల దించుకుని "వదులుకుంటారేమోనని భయపడ్డానండీ" అన్నాడు. నేను ఆ 8ఎల్ కారు వదిలేసి వచ్చిన రోజు గుర్తొచ్చి ఇంకేమీ అనలేకపోయాను.

నా లెక్క ప్రకారమే ధర తెగింది. బ్లాకు నంబరు, హెడ్ నంబరు, ప్లేటు నంబరు మూడూ విడివిడిగా అమ్మకం పత్రంలో రాయించాను. రిజిస్ట్రేషన్‌లో ఇంజన్ నంబరు సరిచేయించడానికి ఒక దరఖాస్తు, ఒక తనిఖీ సరిపోయాయి. ఇన్సూరెన్సు వాళ్ళు నేను ఏరిన అమ్మకాల వివరాలు చూసి నా అంకెకే ఒప్పుకున్నారు.

నిన్న మా అబ్బాయి గుడ్డ, టార్చి తీసుకుని తనంతట తానే ఆయిల్ ఫిల్టర్ పైన ఒంగాడు. నంబరు మొత్తం పైకి చదివి, బిల్లుతో పాటు ఫైల్లో పెట్టడానికి ఫోటో తీశాడు. ఆ చోట మళ్ళీ జిడ్డు పేరుకోనివ్వం.