నాసిక్ ద్రాక్షతోటలో వైన్ రుచులు

నాసిక్‌లోని ఒక ద్రాక్షతోటలో మాకు ముందుగా అందించినది సావిన్యాన్ బ్లాంక్ అనే, అదే పేరున్న ద్రాక్షతో చేసిన తెల్ల వైన్; అది పుల్లగా ఉంది, దానిలో పచ్చి క్యాప్సికమ్‌ను తలపించే వాసన మాత్రం ఆ ద్రాక్షలో సహజంగా ఉండే పైరజిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. మరో తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్ కొంచెం తియ్యగా ఉంది. నాకు అసలు ఆసక్తి షిరాజ్ అనే ఎర్ర వైన్ దగ్గర మొదలైంది. ఎర్ర వైన్‌ను తొక్కలు, గింజలతో కలిపి పులియబెడతారు కనుక వాటిలోని టానిన్లు రసంలోకి దిగి, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్లు వగరుగా అనిపిస్తుంది; తెల్ల వైన్‌కు సాధారణంగా తొక్కలను ముందే వేరుచేస్తారు. షిరాజ్‌లో తగిలే మిరియాల ఘాటుకు కారణమైన రోటండోన్ అనే పదార్థం అసలు మిరియాలలోనూ ఉంటుంది (ఇది విని నేను మరో గుక్క తాగాను). ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలోనే తాగాలన్న మాట మన ఎండలకు పొసగదు. దానికి 16 నుంచి 18 డిగ్రీలు చాలు.