వాటర్‌లూ స్టేషన్‌లో ఊగే కెమెరా

2007లో వచ్చిన ‘ది బోర్న్ అల్టిమేటం’ సినిమా మీద ప్రేక్షకులు ఇప్పటికీ రెండుగా చీలిపోతారు. ఊపిరి సలపనివ్వలేదని కొందరు, కళ్లు తిరిగాయని కొందరు. రెండూ నిజమే. దర్శకుడు పాల్ గ్రీన్‌గ్రాస్ కెమెరాను కుదురుగా నిలవనివ్వడు; షాట్ సగటున 2 సెకన్లే ఉంటుంది. కన్ను కదులుతున్నామంటుంది, ఒంటి కదలికను పసిగట్టే లోపలి చెవి కూర్చునే ఉన్నామంటుంది. ఆ పొంతన కుదరకే తల తిరిగేది. తెర చూపంతా నిండిపోయే ముందు వరసల్లో ఈ బాధ ఎక్కువ. బాగా వెనక్కి కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది.

‘ఏం జరుగుతోందో అర్థం కాలేదు’ అంటే మాత్రం ఒప్పుకోలేను. లండన్ వాటర్‌లూ స్టేషన్ ఘట్టం చూడండి. జనం మధ్య విలేకరి, చెవి దగ్గర ఫోన్, అవతల నుంచి కథానాయకుడు బోర్న్ సూచనలు: వంగి బూటు లేసు కట్టుకో, ఇప్పుడు కదులు. ఫ్రేమ్ ఎంత ఊగినా మొదట ఒక పాత్ర చూపు, వెంటనే ఆ చూపు ఆగిన చోటు కనిపిస్తాయి. అందుకే దారి తప్పం. ఎడిటర్ క్రిస్టఫర్ రౌస్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు.

మొరాకో నగరం టాంజియర్‌లో, ఓ గదిలో జరిగే కొట్లాటకైతే సంగీతమే లేదు. దెబ్బల చప్పుడు, రొప్పు, అంతే.