కాసిమేడులో రొయ్య కొమ్ము

సూళ్లూరుపేటలో పుట్టినవాణ్ణి, రొయ్యల గురించి నాకొకరు చెప్పాలా అన్న ధీమాతోనే జూన్ చివరి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి చెన్నై వేళచ్చేరిలో కాసిమేడు చేపల రేవుకు ఆటో ఎక్కాను. తీరా చూస్తే నాకు తెలిసిందల్లా వనామి. పసిఫిక్ తీరం నుంచి వచ్చి, 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన చెరువు రొయ్య అది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి ఎన్నో రోజులు కాలేదు. రేవు నిండా మరబోట్లు, ఐసు, డీజిల్ వాసన, తమిళంలో వేలం కేకలు. అంత గోలలోనూ ఒక బోటు దగ్గర శ్రీకాకుళం యాస చెవిన పడింది. అక్కడి నుంచి వచ్చి కళాసీగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరు రొయ్యలు వేరు చేస్తున్నారు.

"ఇవన్నీ ఒకటే కదా తాతా?"

ఆయన నవ్వి రెండు రొయ్యలు నా చేతిలో పెట్టారు. "తల ముందుకు పొడుచుకొచ్చిన ఈ కొమ్ము కింద గోటితో గీసి చూడు బాబూ."

మొదటిదానికి పైనా కిందా రంపపు పళ్లు. రెండోదానికి పైన మాత్రమే. కింద గాజులా నునుపు. పళ్లున్నది తెల్ల రొయ్య, నునుపుది గోధుమ రంగు చవక రకం. తెల్ల రొయ్యను దీపానికి ఎదురుగా పట్టుకుంటే పెంకు లోపల వీపు పొడవునా ఆకుపచ్చ చార కనిపించింది. గుడ్లు! గుడ్లు పెట్టే కాలమనేగా నిషేధం, మరి ఇప్పుడూ ఇవేమిటన్నాను. "నిషేధం మనకు గానీ దానికి కాదు కదా" అన్నారు.

గంప మొత్తంలో టైగర్ రొయ్యలు నాలుగే. పగలు నేలలో పూడుకుని రాత్రి మేతకు బయటికొస్తాయట, అందుకే వాటికి రాత్రి వేటే.

తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ముఖద్వారం గుండా ఉప్పుటేరుల్లోకి, పులికాట్ లాంటి సరస్సుల్లోకి చేరి పెరిగి, మళ్లీ సముద్రానికి వెళ్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నీరు పొంగి ముఖద్వారం తెరుచుకుంటేనే ఆ దారి సాఫీగా ఉంటుంది. మా ఊరి పేరు చెప్పగానే, "అయితే ఇది మీ సరస్సులో పెరిగిందేనేమో" అన్నారాయన.

బయట మరో చోట కిలో తెల్ల రొయ్యలు కొని ఇంటికి తెచ్చాను. కుళాయి కింద ఒక్కొక్కదాని కొమ్మూ గోటితో గీస్తుంటే మా ఆవిడ వింతగా చూసింది. వాటిలో పదకొండు రొయ్యల కొమ్ముకు కింద నునుపు.