బిల్లసర్గం గవుల్లో తండ్రీకొడుకులు

బేలం గుహలు చూసి వచ్చినవాళ్ళు పాతాళగంగ గురించి, కోటిలింగాల గురించి చెబుతారు. ఆ గుహల గురించి 1884లో శాస్త్రలోకానికి తెలియజేసిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరు మాత్రం ఎక్కడో ఒక్క వాక్యంలో దాటిపోతుంది. అదే ఏడాది బేలానికి ఉత్తరాన, బేతంచర్ల దగ్గరున్న బిల్లసర్గం గుహల్లో ఆయన, ఆయన కొడుకు హెన్రీ చేసిన పని ఇంకా తక్కువమందికి తెలుసు. నా లెక్కలో ఫూట్ మన సీమకు చేసిన అసలు మేలు అదే.

ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి, 1891లో రిటైరయ్యేదాకా దక్షిణాది రాళ్ళను చదువుతూనే ఉన్నారు. 'ధార్వార్' శిలలకు ఆ పేరు పెట్టింది ఆయనే. పెళ్ళితో ఆయనకు తెలుగుతోనూ ఒక చుట్టరికం కలిసింది. మామగారు పీటర్ పెర్సివల్ 1862లో మద్రాసులో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించిన పండితుడు.

1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో ఫూట్ చేతికి క్వార్ట్‌జైట్ అనే గట్టి రకం రాయి ఒకటి దొరికింది. అది ఆదిమానవుడు చెక్కిన పనిముట్టని ఆయన గుర్తుపట్టారు. దీన్ని గుర్తుపట్టడం అనుకున్నంత సులువు కాదు. వాగులో దొర్లిన రాయికీ అక్కడక్కడ పెచ్చులు లేస్తాయి. కానీ వాటికి వరస ఉండదు, అంచులు అరిగి నున్నగా ఉంటాయి. మనిషి చెక్కిన రాయిలో రెండు ముఖాల మీదా పెచ్చులు తీసిన గుంటలు కనబడతాయి, అవి రెండు వైపులనుంచీ వచ్చి ఒకే అంచు దగ్గర కలుస్తాయి. దెబ్బ పడ్డచోట చిన్న ఉబ్బు కూడా ఉంటుంది. ఒక్క గుంట చూసి తేల్చకూడదు, వరస చూడాలి.

తర్వాత ఆయనకూ, తోటి ఉద్యోగి విలియం కింగ్‌కూ ఇలాంటి రాళ్ళు చాలాచోట్ల దొరికాయి. వాటి పక్కన ఎముకలు మాత్రం దాదాపు దొరకలేదు. కారణం నేలలోనే ఉంది. ఎర్రమొరంలోకి దిగే వాననీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, అది ఎముకలోని సున్నాన్ని కరిగించేస్తుంది. రాయి మిగులుతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి మిగలదు. అదే సున్నపురాతి గవిలోనైతే నీళ్ళు ముందే సున్నంతో నిండి ఉంటాయి కాబట్టి ఎముక వేల ఏళ్ళు నిలుస్తుంది. మనం ఇళ్ళల్లో పరుచుకునే నాపరాళ్ళు వచ్చే కర్నూలు సున్నపురాతి పొరల్లోనే బిల్లసర్గం ఉంది. అక్కడ ఎముకలున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. నలభై ఏళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఇంగ్లండు జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ సూచన మీద మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ పనిని ఫూట్‌కు అప్పగించాడు.

తండ్రి మొదలుపెట్టిన తవ్వకాన్ని ముందుకు నడిపింది హెన్రీ. అప్పటికి ఫిరంగిదళంలో లెఫ్టినెంటు. గవి తవ్వకం ఒట్టి మట్టిపని కాదు. పైన గబ్బిలాల పెంట, దాని కింద ఎర్రమట్టి, మధ్యమధ్య పైకప్పు నుంచి ఊడిపడ్డ బండలు, అక్కడక్కడ నీటిచుక్కలతో గట్టిపడిన సున్నపు పొర. ఆ పొర చెదరకుండా దొరికితే అదృష్టమే. దాని కింద ఉన్నది పైనుంచి జారిపడినది కాదని ధైర్యంగా చెప్పొచ్చు. పొర లేనిచోట లోతును మాత్రమే నమ్మి వయసు కట్టకూడదు. ఏదుపంది బొరియ తవ్వితే నిన్నటి ఎముక అడుగుకు పోతుంది, పాతది పైకొస్తుంది.

ఈ ఏదుపంది ఇంకో చిక్కు కూడా తెస్తుంది. ఎముకల్ని గవిలోకి మోసుకొచ్చి కొరుకుతుంది. ఆ గాట్లు చూసి మనిషి చెక్కాడనుకునే ప్రమాదముంది. దాని ముందుపళ్ళ గాట్లు వెడల్పుగా, పక్కపక్కనే జతలుగా, ఎముక అంచు పొడవునా పడతాయి. మనిషి అరగదీసిన మొనలో సన్నటి గీతలు మొన వైపు సాగుతాయి. ఈ గవుల్లో దొరికిన ఎముక పనిముట్ల గురించి ఫూట్ రాసినప్పుడు చాలామందికి నమ్మకం కుదరలేదు. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి ఈ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వితే ఎముక పనిముట్లు మళ్ళీ బయటపడ్డాయి.

బిల్లసర్గంలో దొరికిన జంతువుల ఎముకల్ని శిలాజాల నిపుణుడు రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ప్రకటించాడు. వాటిలో అంతరించిన జాతిదని తాను భావించిన ఒక ఖడ్గమృగానికి ఆయన పెట్టిన పేరు రైనోసిరస్ కర్నూలియెన్సిస్. మన ఊరి పేరు ఒక ఖడ్గమృగానికి ఉందని తెలిసినప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. 2014లో అచ్చయిన పరిశోధన ఈ గుహల ఎముకల్ని మళ్ళీ పరిశీలించి, రెండు లక్షల ఏళ్ళుగా ఇక్కడి జంతువుల్లో దాదాపు అన్నీ ఉపఖండంలో నిలిచే ఉన్నాయని తేల్చింది. కనుమరుగైనది గెలడా (ఇప్పుడు ఇథియోపియాలో ఉండే కోతి) జాతి కోతి ఒక్కటే.

ఇక తండ్రి సంగతి. ఫూట్ ఈ తవ్వకాల మీద సర్వే పత్రికలో వరసగా రాశారు. 1884, 1885 వ్యాసాలకు ఆయన పెట్టిన శీర్షికల్లోనే 'హెచ్.బి. ఫూట్ గారి పని', 'హెచ్.బి. ఫూట్ గారి తదుపరి తవ్వకాల ఫలితాలు' అన్న మాటలున్నాయి. రాసింది తండ్రి, పని పేరు కొడుకుది. ఆఫీసరు రాసే నివేదికలో కింద పనిచేసినవాళ్ళ పేర్లు మాయమయ్యే కాలంలో ఇది చిన్న విషయం కాదు. రిటైరయ్యాక ఆయన బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేసి ఏర్కాడులో స్థిరపడ్డారు. తన సేకరణంతా మద్రాసు మ్యూజియానికి చేరింది. 1912 డిసెంబరు 29న కన్నుమూశారు. ఏర్కాడు హోలీ ట్రినిటీ చర్చిలో ఆయన స్మారకం ఉంది.

బేతంచర్ల వైపు నాపరాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళకు ఒక మాట. బండ తీస్తుంటే ఎర్రమట్టి నిండిన సందు బయటపడి, అందులో ఎముకలు కనబడితే వాటిని లాగొద్దు. తడి ఎముకను ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, పొరలుగా పగిలిపోతుంది. కడిగినా అంతే. ఊడి వచ్చేసి ఉంటే చుట్టూ ఉన్న మట్టితో సహా పాత గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. తీసిన చోటు నేలకు ఎన్ని అడుగుల లోతో చీటీ రాసి దాంట్లోనే వేయండి. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలో, లేకపోతే అగ్గిపెట్టో ఉంచండి. తర్వాత పురావస్తు శాఖకు కబురు చేయండి.