నోట్స్ లేని మనిషి

ఆరో స్లయిడ్ దగ్గర ప్రొజెక్టర్ ఆగిపోయింది, దాంతోపాటు నా నోరూ ఆగిపోయింది. నేనే తయారు చేసుకున్న విషయం, ఒక్క ముక్క గుర్తు రాదే! ఎవరో వచ్చి వైరు పీకి మళ్లీ పెట్టేదాకా నవ్వుతూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి ఆ టెన్షన్‌లోనే ఏ.జే.పీ. టేలర్ పాత బ్లాక్ అండ్ వైట్ వీడియో పెట్టుకున్నాను. బో టై కట్టుకున్న ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు. చేతిలో కాగితం లేదు, వెనక మ్యాపు లేదు, కెమెరా వైపు చూస్తూ అరగంట మాట్లాడేస్తాడు. 1957లో ఐటీవీ అనే బ్రిటిష్ ఛానల్‌లో మొదలుపెట్టినప్పుడైతే లైవ్ కూడాను.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రకి పెద్ద పీఠమైన రీజియస్ ప్రొఫెసర్ పదవి ఈయనకి కాకుండా ట్రెవర్ రోపర్ అనే ఇంకో చరిత్రకారుడికి వెళ్లింది. పేపర్లకి రాసేవాడు, టీవీలో కనిపించేవాడు పండితుడేంటి అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు (ఇప్పుడు మాత్రం లేరా!).

1985లో ఛానల్ 4కి చేసిన చివరి సిరీస్ నాటికి ఆయనకి పార్కిన్సన్స్ జబ్బు. మాటల కోసం తడుముకోవడం కనిపిస్తుంది. అయినా ఎదురుగా కాగితం పెట్టుకోలేదు.

రేపు మళ్లీ అదే ప్రెజెంటేషన్, వేరే టీమ్‌కి. స్లయిడ్లు మాత్రం తీసుకెళ్తాను, అంత ధైర్యం లేదు నాకు.