కోతి కళ్లలోకి చూశాను
నిన్న శ్రీశైలంలో ముద్దొచ్చి ఒక కోతి కళ్లలోకే చూస్తూ నిలబడ్డాను. అది నోరు గుండ్రంగా తెరిచి నా మీదికి దూకబోయింది, ఆలోచన రాకముందే నా కాళ్లు వెనక్కి పడ్డాయి! అలా గుచ్చి చూడడం కోతులకు బెదిరింపేనట, అంటే గొడవ మొదలుపెట్టింది నేనే. రాత్రంతా దీని గురించే చదివాను. మన గుళ్ల దగ్గర కనిపించే మకాక్ రకం కోతుల మెదడులో, కణతల వైపు, ముఖాల కోసమే పనిచేసే చోట్లున్నాయి. 2006లో మెదడు శాస్త్రవేత్త డోరిస్ త్సావ్ బృందం అలాంటి ఒక చోట చూస్తే, కంటికి కనిపించేవాటికి స్పందించిన కణాల్లో 97 శాతం ముఖాలకే ఎక్కువగా స్పందించాయి. ఇంకా లోపల, భయం లాంటి భావాలతో సంబంధమున్న అమిగ్డలా అనే మెదడు భాగంలో కొన్ని కణాలు బెదిరించే ముఖానికి ఒకలా, మామూలు ముఖానికి ఇంకోలా స్పందిస్తాయి. మనకూ ఆ అమిగ్డలా ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు దయచేసి ముందే చెప్పండి, కోతి కళ్లలోకి చూడొద్దని.