స్టాంపు లేని ఉత్తరం

నిన్న ఇక్కడ స్టాంపుల ప్రదర్శనలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సంతకం ఉన్న ఉత్తరం చూశాను. కవరు లేదు, కాగితాన్నే మడిచి లక్కతో అంటించారు. స్టాంపూ లేదు. అమెరికా ప్రభుత్వం తపాలా బిళ్ళలు తెచ్చిందే 1847లో మరి! పైన సంతకం పెట్టి పక్కన ‘ఫ్రీ’ అని రాస్తే చాలు, అధ్యక్షుడి ఉత్తరం ఉచితంగా వెళ్ళిపోయేది. అద్దం దగ్గర అరగంట నిలబడిపోయాను.

ఇక నా సంగతి. మూడేళ్ళ కిందట ముచ్చటపడి కొన్న కెనడీ ఉత్తరానికి ఫ్రేమ్ కూడా కట్టించాను. తీరా ఇంకో ఉత్తరం ఫొటోతో పోల్చి చూస్తే రెండు సంతకాలూ గీతకు గీత సరిపోయాయి. చేత్తో పెడితే అలా కుదరదు కదా, అది ఆటోపెన్ అనే మిషన్ పని! మా ఆవిడ మాత్రం, ఫ్రేమ్ బాగుంది, గోడకే ఉండనివ్వండి అంది.